తెలుగు అక్షరానికి తగిన కొలత



మీ ఊరి గ్రంథాలయానికి ఒక వెబ్‌సైట్ పెట్టాలనుకున్నారు అనుకుందాం. పుస్తకాల జాబితా, తెరిచి ఉండే వేళలు, పాత పత్రికల సంచికలు, నెలనెలా జరిగే సభల వివరాలు అందులో ఉండాలి. ఇదంతా మొదటి నుంచి రాసుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఉచితంగా దొరికే టెంప్లేటు ఒకటి తెచ్చుకుంటారు. అందులోని ఇంగ్లీషు మాటలు తీసేసి తెలుగు మాటలు పెడతారు. సైట్ తయారవుతుంది. తెరిచి చూస్తే మాత్రం కంటికి ఇబ్బందిగా ఉంటుంది. అక్షరాలు మరీ చిన్నవి. పై వరసలోని వత్తు కింది వరసలోని గుడికి తగులుతుంది. శీర్షికలో ‘రాష్ట్రం’ అన్న మాటకు అడుగు భాగం తెగిపోయి ఉంటుంది. మెనూలో అక్షరాలు ఎడంఎడంగా నిలబడి మాటలా కనిపించవు. చూసినవాళ్లు ‘కంప్యూటర్లో తెలుగు ఇంతేలెండి’ అని సరిపెట్టుకుంటారు.

అలా సరిపెట్టుకోవద్దని చెప్పడానికే ఈ ప్రసంగం. ఆ లోపం మన లిపిది కాదు. టెంప్లేటుతో పాటు స్టైల్‌షీటు అనే ఫైలు ఒకటి వస్తుంది. ఏ అక్షరం ఎంత ఉండాలి, వరసల మధ్య ఎంత ఖాళీ వదలాలి, ఏ రంగు వెయ్యాలి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. ఆ అంకెలు రోమన్ లిపిని ఎదురుగా పెట్టుకుని వేసినవి. వాటిని తెలుగు అక్షరాన్ని ఎదురుగా పెట్టుకుని మళ్లీ వేసుకోవాలి. వేసుకున్నాక, ఆఖరి మాట చదివేవారికి వదలాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఎలా చెయ్యాలన్న వివరం.

ముందు ఈ స్టైల్‌షీటు ఎక్కడిదో చూద్దాం. వెబ్ పుట్టిన తొలి రోజుల్లో పేజీ రూపం గురించి రాసేవారి చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. 1994 అక్టోబరు 10న, సెర్న్ పరిశోధనా కేంద్రంలో పనిచేస్తున్న హోకన్ వియుమ్ లీ అనే నార్వే దేశస్థుడు ఒక ప్రతిపాదన చేశాడు. డచ్చివాడైన బర్ట్ బాస్ ఆయనతో కలిశాడు. 1996 డిసెంబరులో అది సీఎస్‌ఎస్ అనే ప్రమాణంగా వెలువడింది. విషయం ఒక ఫైలులో, రూపం మరో ఫైలులో ఉండాలన్నది అందులోని మూల సూత్రం. ఆ సూత్రానికి ఎంత బలముందో 2003లో డేవ్ షే అనే కెనడా డిజైనరు సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్ అన్న సైటుతో లోకానికి చూపించాడు. పేజీలోని విషయం ఒక్కటే, దానిలో చిన్న మార్పు కూడా ఉండదు. స్టైల్‌షీటు మార్చిన ప్రతిసారీ పూర్తిగా కొత్త పేజీ కనిపిస్తుంది. మన గ్రంథాలయం సైటుకు ఇది నేరుగా పనికొచ్చే సంగతి. తెలుగు సరిగా కనపడకపోతే సైటంతా తిరగరాయనక్కర్లేదు, ఒక్క ఫైలు దిద్దుకుంటే చాలు.

ఆ ప్రతిపాదనలో నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన ఇంకొకటుంది. పేజీ రూపాన్ని నిర్ణయించే హక్కు రాసేవారికీ చదివేవారికీ ఇద్దరికీ ఉండాలని లీ మొదటి నుంచీ అనుకున్నాడు. అందుకే సీఎస్‌ఎస్‌లో బ్రౌజరు నియమాలు, పాఠకుడి నియమాలు, రచయిత నియమాలు అని మూడు రకాలు ఉన్నాయి. ఇవాళ మీ ఫోనులోనో కంప్యూటర్‌లోనో బ్రౌజరు సెట్టింగులలోకి వెళ్లి అక్షరం సైజు పెంచుకోగలుగుతున్నారంటే దాని వెనక ఈ ఆలోచనే ఉంది. దీన్ని గుర్తుంచుకోండి, అక్షర పరిమాణం దగ్గర మళ్లీ దీనితో పని పడుతుంది.

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం. బూట్‌స్ట్రాప్ అని ఒక ప్రసిద్ధమైన స్టైల్‌షీట్ల సంపుటి ఉంది. 2011లో ట్విటర్ నుంచి వచ్చింది. లెక్కలేనన్ని ఉచిత టెంప్లేట్లు దాని మీద కట్టినవే. 2013లో వచ్చిన దాని మూడో కూర్పులో మామూలు పాఠం 14 పిక్సెళ్లు, వరస ఎత్తు అక్షర పరిమాణానికి సుమారు 1.43 రెట్లు, శీర్షికల వరస ఎత్తు 1.1 రెట్లు. 2018లో వచ్చిన నాలుగో కూర్పులో మామూలు పాఠాన్ని 16 పిక్సెళ్లకు, వరస ఎత్తును 1.5కు పెంచారు. అంటే ఇంగ్లీషుకే పెంచారు. పాత కూర్పు మీద కట్టిన టెంప్లేట్లు మాత్రం ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ 14ను తెచ్చి తెలుగుకు తొడిగితే ఏమవుతుంది?

దీనికి జవాబు కావాలంటే అక్షరం లోపలి కొలత తెలియాలి. ఫాంటు సైజు 16 పిక్సెళ్లు అన్నప్పుడు అది కనపడే అక్షరం ఎత్తు కాదు. అక్షరాన్ని గీయడానికి డిజైనరు ముందుగా అనుకున్న ఒక ఊహా చతురస్రం ఎత్తు అది. సీసపు అక్షరాల కాలం నుంచీ వస్తున్న పద్ధతి. రోమన్ లిపిలో ఆ చతురస్రాన్ని పై గీతలూ కింది తోకలూ పంచుకుంటాయి. మనకు అలా కుదరదు. ‘క’ పైన తలకట్టు ఉంది. దాని చోట గుడి వస్తుంది, గుడిదీర్ఘం వస్తుంది, ఏత్వం వస్తుంది. కింద వత్తు వస్తుంది, కొన్నిచోట్ల వత్తు కింద మరో వత్తు వస్తుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్నే చూడండి. నడుమ సకారం, పైన గుడిదీర్ఘం, కింద త వత్తు, దాన్ని చుట్టుకుని ర వత్తు. ‘జ్యోత్స్న’ చూడండి, ‘లక్ష్మి’ చూడండి. ఇన్నిటికీ చోటివ్వాలి కనక తెలుగు ఫాంటు గీసేవాళ్లు నడుమనుండే మూలాక్షరాన్ని కాస్త చిన్నదిగా గీస్తారు. దాంతో అదే 16 పిక్సెళ్లలో పక్కపక్కన ఇంగ్లీషూ తెలుగూ రాస్తే తెలుగు చిన్నదిగా కనపడుతుంది. పైగా మన అక్షరాల్లో తేడాలన్నీ సూక్ష్మమైనవి. ‘ప’కూ ‘వ’కూ మధ్య తేడా తలకట్టు అతుక్కుందా లేదా అన్నదే. ‘మ’, ‘య’ల సంగతీ దాదాపు అంతే. ‘ద’కూ ‘ధ’కూ మధ్య తేడా పొట్ట కింది చిన్న గీత. 14 పిక్సెళ్లలో ఆ గీత కోసం కళ్లు చికిలించాల్సిందే. గ్రంథాలయానికి వచ్చేవారిలో అరవై దాటినవాళ్లు ఎందరుంటారో ఆలోచించండి.

అందువల్ల తెలుగు పాఠానికి 18 పిక్సెళ్లతో మొదలుపెట్టమంటాను. ఫాంటును బట్టి 17 సరిపోవచ్చు, 20 కావలసి రావచ్చు. అయితే ఆ 18ని స్టైల్‌షీటులో పిక్సెళ్లుగా రాయకూడదు. ఇక్కడే పాఠకుడి హక్కు ముందుకొస్తుంది. దాదాపు బ్రౌజర్లన్నిటిలో మొదట ఉండే పరిమాణం 16 పిక్సెళ్లు. చూపు తగ్గినవాళ్లు క్రోమ్ బ్రౌజరులో దాన్ని 20కో 24కో పెంచుకోవచ్చు. టెంప్లేటులో అక్షరం సైజు ఇన్ని పిక్సెళ్లు అని తేల్చి రాస్తే వాళ్లు పెంచుకున్నది వృథా అవుతుంది. శాతంలో రాయండి. పేజీ మూలంలో 112.5 శాతం అని రాస్తే మామూలు పాఠకుడికి 18 వస్తుంది, 24 పెట్టుకున్న పెద్దాయనకు 27 వస్తుంది. ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

మూలం కుదిరాక మిగతా కొలతలన్నీ దాని నుంచే రావాలి. అందుకు రెండు ప్రమాణాలున్నాయి. ఒకటి ఎమ్, రెండోది రెమ్. ఎమ్ తానున్న చోటి అక్షర పరిమాణాన్ని బట్టి మారుతుంది. రెమ్ ఎక్కడ రాసినా పేజీ మూలాన్నే చూస్తుంది. పాత టెంప్లేట్లలో అక్షర పరిమాణాలకు ఎమ్ ఎక్కువగా కనపడుతుంది, దానితో ఒక చిక్కుంది. పుస్తకాల జాబితాకు 0.9 ఎమ్ అని రాశారనుకోండి. జాబితాలో నవలలు, నవలల్లో చారిత్రక నవలలు, వాటి కింద పుస్తకాల పేర్లు అని జాబితాలో జాబితా పెడతాం. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా 0.9తో మళ్లీ గుణించుకుంటూ పోతుంది. మూడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి 16 పిక్సెళ్లు కాస్తా 11.7 అవుతాయి. అసలు చదవాల్సిన పుస్తకం పేరు అన్నిటికంటే చిన్నగా కనపడుతుంది! రెమ్‌లో రాస్తే ఈ చిక్కే ఉండదు. ఎమ్‌ను బొత్తిగా వదిలెయ్యమనడం లేదు. బటన్ లోపలి ఖాళీ, పేరాల మధ్య ఎడం లాంటివి అక్షరంతో పాటు పెరగాలి, తగ్గాలి. అక్కడ ఎమ్ బాగా పనిచేస్తుంది.

ఇక వరస ఎత్తు. నా దృష్టిలో తెలుగు పేజీకి అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఇదే. సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో వరసకూ వరసకూ మధ్య పల్చటి సీసపు పట్టీలు పెట్టేవారు. ఆ పట్టీల పని ఇప్పుడు ఈ ఒక్క అంకె చేస్తోంది. ఇంగ్లీషుకు 1.5 బాగుంటుంది. తెలుగుకు 1.7తో మొదలుపెట్టి, పై వత్తూ కింది గుడీ ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయో లేదో చూసుకుంటూ 1.8 దాకా వెళ్లండి. శీర్షికలకు టెంప్లేటు ఇచ్చే 1.1 మనకు బొత్తిగా పనికిరాదు. రెండు వరసల శీర్షికలో ‘శాస్త్రం’ పైన, ‘విజ్ఞానం’ కింద వస్తే రెండూ గుద్దుకుంటాయి. కనీసం 1.4 పెట్టండి.

ఈ వరస ఎత్తును అంకెగా మాత్రమే రాయండి, పక్కన ఏ ప్రమాణమూ పెట్టకండి. కారణం చెబుతాను. 16 పిక్సెళ్ల అక్షరమున్న పేజీ మొత్తానికి వరస ఎత్తు 1.5 ఎమ్ అని రాస్తే బ్రౌజరు దాన్ని అక్కడికక్కడే లెక్కగట్టి 24 పిక్సెళ్లు చేసేస్తుంది. ఆ 24 అలాగే శీర్షికలకు కూడా వారసత్వంగా దిగుతుంది. 32 పిక్సెళ్ల శీర్షిక 24 పిక్సెళ్ల వరసలో ఇరుక్కుంటుంది. ఒట్టి 1.5 అని రాస్తే వారసత్వంగా దిగేది ఆ నిష్పత్తి మాత్రమే. ప్రతి చోటా అక్కడి అక్షరాన్ని బట్టి లెక్క మళ్లీ జరుగుతుంది.

ఫాంటు ఎంపిక గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఒకప్పుడు ఒక్కో పత్రిక తన సొంత ఫాంటు పెట్టుకునేది, ఆ ఫాంటు దించుకోకపోతే తెర మీద పిచ్చి గీతలు కనపడేవి. యూనికోడ్ వాడకం పెరిగాక ఆ బాధ తీరింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల వచ్చాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లతో ఎంతోమంది తెలుగు రాసుకున్నారు. సిలికానాంధ్ర సంస్థ పూనికతో వచ్చిన మండలి, ఎన్టీఆర్, రామభద్ర, పెద్దన, సురవరం, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఉన్నాయి. నోటో శాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు కూడా అక్కడే దొరుకుతాయి. ఇంత సంపద చేతిలో ఉండి కూడా టెంప్లేటులో రాసిన ఇంగ్లీషు ఫాంటు పేరునే వదిలేస్తున్నాం. అందులో తెలుగు అక్షరాలు ఉండవు. బ్రౌజరు తనకు దొరికిన తెలుగు ఫాంటు ఏదో తెచ్చి నింపుతుంది. ఒక్కో ఫోనులో ఒక్కో రూపం కనపడటానికి కారణం అదే. ఫాంటు పేరు మనమే రాయాలి.

రాసేటప్పుడు ఒక సంగతి చూసుకోండి. ఆ ఫాంటులో ఎన్ని మందాలున్నాయి? మండలి, ఎన్టీఆర్, రామభద్ర ఒక్కోటి ఒకే మందంలో ఉన్నాయి. మండలిలో రాసిన పాఠాన్ని బోల్డ్ చెయ్యమంటే లేని బోల్డును బ్రౌజరు తనే కల్పిస్తుంది, గీతలన్నిటినీ ఉబ్బిస్తుంది. మన అక్షరాల్లో సున్నాలు, చుట్లు, చిన్నచిన్న కన్నాలు ఎక్కువ. గీత ఉబ్బగానే అవి పూడుకుపోతాయి. నోటోలో, హింద్ గుంటూరులో, అనేక్‌లో నిజమైన మందాలు చాలా ఉన్నాయి, వాటిలో బోల్డు నిక్షేపంగా ఉంటుంది. ఏటవాలు అక్షరాలు కూడా అంతే. తెలుగు ముద్రణలో ఇటాలిక్ సంప్రదాయం లేదు. టెంప్లేటు ఉల్లేఖనాలకు ఇటాలిక్ పెడితే బ్రౌజరు మన గుండ్రటి అక్షరాన్ని పక్కకు తోస్తుంది. దాన్ని తీసేసి ఎడమ పక్క ఒక రంగు గీత పెట్టండి, కొంచెం లోపలికి జరపండి, ఉల్లేఖనమని అర్థమవుతుంది. ఇలా దొంగ మందాలూ దొంగ వాలులూ పుట్టించవద్దని బ్రౌజరుకు చెప్పే నియమం కూడా సీఎస్‌ఎస్‌లో ఉంది. ఫాంట్ సింథసిస్ అని దాని పేరు. దానికి నన్ అని రాస్తే చాలు.

టెంప్లేటులో మెనూ మాటలు ఎడంఎడంగా ఉండటానికి కారణం లెటర్ స్పేసింగ్ అనే నియమం. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు అది అందం. తెలుగులో అక్షరాలు దగ్గరగా ఉంటేనే మాట ఆకారం కంటికి పట్టుబడుతుంది. దాన్ని సున్నా చెయ్యండి. పెద్దబడి, చిన్నబడి అన్న తేడాయే మన లిపిలో లేదు కనక, ఆ తేడాతో ప్రాముఖ్యాన్ని చూపించే టెంప్లేట్లలో మన శీర్షికలు చప్పబడిపోతాయి. అక్కడ మందంతోనో రంగుతోనో ఆ పని చెయ్యాలి.

రంగు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. తేదీలు, రచయిత పేర్లు, బొమ్మల కింది వివరాలు లేత బూడిద రంగులో పెట్టడం చాలా టెంప్లేట్లకు అలవాటు. వెబ్ సౌలభ్య మార్గదర్శకాల ప్రకారం అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5 ఉండాలి. తెల్లటి పేజీ మీద 777 అనే సంకేతంతో రాసే బూడిద రంగు బాగా వాడుకలో ఉంది. దాని నిష్పత్తి 4.48. అంటే గీటు కింద ఆగిపోతోంది. సన్నటి గీతల తెలుగు ఫాంటుకు నేను 555 కన్నా లేతది వాడనివ్వను.

లింకుల కింద గీత కూడా మనకు సమస్యే. అది సరిగ్గా వత్తుల మీదుగా పోతుంది. గీతను కిందికి జరిపే నియమం ఉంది, అండర్‌లైన్ ఆఫ్‌సెట్ అంటారు. 0.3 ఎమ్ కిందికి దించితే చాలావరకు తెరిపి వస్తుంది.

ఇక పెట్టెలు, బటన్లు. బూట్‌స్ట్రాప్ మూడో కూర్పులో మాటలు రాసే పెట్టె ఎత్తు 34 పిక్సెళ్లని కచ్చితంగా రాసి ఉంటుంది. పైనా కిందా ఖాళీలు, అంచులు పోగా లోపల మిగిలేది 20. మన 18 పిక్సెళ్ల అక్షరానికి 1.7 చొప్పున 30 పిక్సెళ్లకు పైగా కావాలి. పుస్తకం పేరు వెతికే పెట్టెలో ‘కృష్ణశాస్త్రి’ అని రాస్తే అడుగు తెగిపోయేది ఇందుకే. ఎత్తు అన్నచోట కనీస ఎత్తు అని మార్చండి, పెట్టె తనే సాగుతుంది. ఈ పెట్టెలూ బటన్లూ పేజీ ఫాంటును వాటంతట అవి తీసుకోవు, తీసుకోమని విడిగా రాయాలి. ఐఫోనులో ఇంకో సంగతి కూడా ఉంది. పెట్టెలో అక్షరం 16 పిక్సెళ్లకంటే చిన్నదైతే, దాన్ని తాకగానే పేజీ అంతా పెద్దదై పక్కకు జరిగిపోతుంది. 18 ఉంటే ఆ బెడద లేదు.

ఫోను దగ్గర శీర్షికల సంగతి మళ్లీ ఆలోచించాలి. తెర వెడల్పును బట్టి రూపు మారే పేజీల పద్ధతిని 2010లో ఈథన్ మార్కాట్ అనే అమెరికా డిజైనరు ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు, ఇప్పుడు టెంప్లేట్లన్నీ ఆ దారివే. కానీ అవి ఊహించిన మాటలు చిన్నవి. సంధి కలిసి, సమాసం కలిసి మన మాట పొడుగవుతుంది. 360 పిక్సెళ్ల ఫోనులో ‘విశ్వవిద్యాలయాధికారులు’ అన్న మాటను 36 పిక్సెళ్లలో పెడితే దాదాపు వరసంతా అదే ఆక్రమిస్తుంది. అందుకని పరిమాణాల మెట్లు తగ్గించాలి. 18 నుంచి ఒక్కో మెట్టుకు 1.2 రెట్లు చొప్పున పెంచితే 21.6, 25.9, 31.1 వస్తాయి. గ్రంథాలయం సైటుకు ఇంతకు మించి అక్కర్లేదు. పాఠాన్ని రెండు అంచులకూ సమంగా సర్దే జస్టిఫై పద్ధతిని కూడా వదిలెయ్యండి. పొడుగాటి మాటలు తర్వాతి వరసలోకి వెళ్లిపోయి, మిగిలిన రెండు మూడు మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. ఎడమ అంచు సమంగా ఉంటే చాలు.

దిద్దడం మొదలుపెట్టే ముందు స్టైల్‌షీటులో అక్షర పరిమాణం ఎన్నిచోట్ల రాసి ఉందో వెతకండి. 11, 12, 13, 13.5, 14, 15 అంటూ ఎన్నో కనపడతాయి. అన్నిటినీ అయిదారుకు తగ్గించి, వాటికి పేర్లు పెట్టి ఫైలు మొదట్లో ఒకేచోట రాసుకోండి. ఇలా పేర్లు పెట్టుకునే వీలు ఇప్పటి సీఎస్‌ఎస్‌లో ఉంది. రేపు ఫాంటు మార్చినా ఆ కొద్ది వరసలే మార్చుకోవచ్చు. పేజీ భాష తెలుగు అని స్టైల్‌షీటులో కాక పేజీ ఫైలు మొదట్లోనే చెప్పండి. సైటులో ఇంగ్లీషు పేజీలు కూడా ఉంటే తెలుగు నియమాలు తెలుగుకే వర్తించేలా ఆ భాషా సూచికతోనే రాయవచ్చు.

సరిచూసుకోవడానికి ఒక పరీక్ష పేజీ ఉంచుకోండి. అందులో స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, కృష్ణుడు, తైత్తిరీయం లాంటి మాటలను ప్రతి పరిమాణంలో, ప్రతి మందంలో, బటన్లో, మెనూలో, రెండు వరసల శీర్షికలో పెట్టండి. బ్రౌజరులో 200 శాతానికి పెంచి చూడండి. 2008లో వెలువడిన వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు కోరేది అదే, రెట్టింపు చేసినా ఏ మాటా దాక్కోకూడదు, తెగిపోకూడదు. ఆ తర్వాత తక్కువ ధర ఫోను ఒకటి తీసుకుని ఎండలో నిలబడి చదవండి. చూపు తగ్గిన పెద్దవాళ్ల చేత కూడా చదివించండి, వాళ్లు ఫోనును ఎంత దూరంలో పట్టుకుంటున్నారో గమనించండి.

చివరగా, కాగితం. తెలుగు పేజీలను అచ్చు తీసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సభ ప్రకటన నోటీసు బోర్డుకు అంటించాలి, పుస్తకాల జాబితా బల్ల మీద పెట్టాలి. టెంప్లేట్లు దీన్ని సాధారణంగా పట్టించుకోవు, మెనూలూ రంగు పట్టీలూ అన్నీ కాగితం మీదికి వచ్చేస్తాయి. ముద్రణకు వేరే నియమాలు రాసే వీలు సీఎస్‌ఎస్‌లో చాలాకాలంగా ఉంది. మెనూ దాచండి, నేపథ్యం తెల్లగా, అక్షరం నల్లగా పెట్టండి. కాగితం మీద కొలత పాయింట్లలో ఉండాలి, 12 పాయింట్లంటే తెర మీది 16 పిక్సెళ్లకు సమానం. జాబితాకు 13 పాయింట్లు, వరస ఎత్తు 1.6 పెట్టండి. నిలబడి చదివే సభ ప్రకటనకు 20 పాయింట్లకు తగ్గకుండా చూడండి.